ఫార్మాట్ కమాండ్ రెండు గంటలు తిరిగి చివర్లో ఎర్రర్ ఇస్తోంది, ఎవరైనా చెప్పండి

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. పొద్దున పదింటికి కూర్చున్నాను, ఇప్పుడు మూడున్నర. అన్నం కూడా తినలేదు. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లోకి (ఫైళ్ళని డ్రైవ్‌లో అమర్చే ఒక పాత పద్ధతి) మార్చాలి. రైట్ క్లిక్ చేస్తే ఆ ఆప్షనే కనిపించడం లేదు, అందుకే కమాండ్ ప్రాంప్ట్‌కి వచ్చాను. ఇచ్చిన కమాండ్ ఇది:

ఫార్మాట్ ఇ: /ఎఫ్ఎస్:ఫ్యాట్32

కొత్త డిస్క్ పెట్టి ఎంటర్ నొక్కమంది, నొక్కాను. ఒక శాతం, రెండు శాతం అంటూ దాదాపు రెండు గంటలు నడిచింది. తీరా 100 అయ్యాక, వాల్యూమ్ ఫ్యాట్32కి మరీ పెద్దది అని ఆగిపోయింది. రెండోసారీ అంతే. ఇప్పుడు డ్రైవ్ తెరవబోతే ముందు ఫార్మాట్ చేయమంటోంది. రేపు తెల్లవారుజామున నాలుగున్నరకి ఇది నా చేతిలో ఉండాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

ఎన్_టెక్కలి:
సైజు ఎంత?

పాతకీబోర్డు:
గోదారిగట్టు గారూ, ముందు ఒక మాట. అందులో ఉన్నవి వేరే చోట కాపీ చేసుకున్నాకే మొదలుపెట్టారా? మీ కమాండ్‌లో /క్యూ, అంటే పైపైన త్వరగా చేయమనే గుర్తు, లేదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో అలా చేస్తే డ్రైవ్‌ని చదివి, పాడైన చోట్లు ఉన్నాయేమో చూసుకునేది, అంతే. పాత ఫైళ్ళు చాలావరకు వెనక్కి తెచ్చుకునే వీలుండేది. దాని తర్వాతి విండోస్ విస్టా నుంచి పద్ధతి మారింది. /క్యూ లేకపోతే డ్రైవ్ మొత్తం మీద సున్నాలు రాస్తుంది. ఆ రెండు గంటలూ జరిగింది అదే. ఇక ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ తెచ్చినా అందులో ఏమీ దొరకదు. మా చెల్లెలి పెళ్ళి ఫోటోలు నేను ఇలాగే పోగొట్టాను. పసుపు దంచే ఫోటోల్లో మా అమ్మమ్మ ఉంది, ఆవిడవి అవే చివరి ఫోటోలు. అప్పటి నుంచి ఎవరు ఫార్మాట్ అన్నా నేను ముందు అడిగేది కాపీ గురించే. దయచేసి అందరూ రెండు చోట్ల ఉంచుకోండి.

గోదారిగట్టు:
పాటలన్నీ లాప్‌టాప్‌లో ఉన్నాయండి, ఆ భయం లేదు. సైజు 64 జీబీ. కానీ 57 మాత్రమే చూపిస్తోంది. నకిలీ సరుకు కాదు కదా?

ఎన్_టెక్కలి:
నకిలీ కాదు. కంపెనీ లెక్క వెయ్యి చొప్పున, విండోస్ లెక్క 1024 చొప్పున. 64 అంటే 59.6 అవుతుంది. కొంత లోపలి వాడకానికి పోతుంది.
32 జీబీ దాటితే విండోస్ ఫ్యాట్32 చేయదు. ఎక్స్‌ఫ్యాట్ చేసుకోండి, అది దాని తర్వాత వచ్చిన పద్ధతి.

గోదారిగట్టు:
ఎక్స్‌ఫ్యాట్ పనికిరాదండీ. ఇది మా ఊరి గుడి మైక్‌సెట్ కోసం. ధనుర్మాసం కదా, పొద్దున్నే పాటలు పెట్టాలి. ఆ యాంప్లిఫయర్ పాతది, ఫ్యాట్32 ఒక్కటే చదువుతుంది. పాత పెన్‌డ్రైవ్ నిన్న పాడైంది, అందుకే ఇది కొన్నాను.

మెట్టుగూడ_టెర్మినల్:
ఈ సంగతి మొదటి పోస్ట్‌లోనే ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది అన్నా. పర్లేదు, ఇంకా టైముంది.

64 మొత్తం మీకు అవసరం లేదు. పాటలు మహా అయితే రెండు మూడు జీబీ. కాబట్టి 30 జీబీకి ఒక పార్టిషన్ (డిస్క్‌లో హద్దు గీసిన భాగం) చేసి, దాన్ని ఫార్మాట్ చేయండి. కమాండ్లు తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లీషులో కొట్టుకోండి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి:

డిస్క్‌పార్ట్
లిస్ట్ డిస్క్

ఇక్కడ ఆగండి. ఎడమవైపు డిస్క్ 0, డిస్క్ 1 అని వస్తాయి. సైజు చూసి పెన్‌డ్రైవ్ ఏదో పోల్చుకోండి. అనుమానంగా ఉంటే పెన్‌డ్రైవ్ పీకేసి మళ్ళీ లిస్ట్ డిస్క్ కొట్టండి, మాయమైంది ఏదో అదే. మళ్ళీ పెట్టి, అది 1 అయితే:

సెలెక్ట్ డిస్క్ 1
లిస్ట్ డిస్క్

ఈసారి ఎంచుకున్న దాని పక్కన చుక్క గుర్తు, అదే స్టార్, పడుతుంది. అది పెన్‌డ్రైవ్ పక్కనే ఉందని కళ్ళారా చూశాకే ముందుకెళ్ళండి. తర్వాతి కమాండ్ మళ్ళీ అడగదు, ఎంచుకున్న దాన్ని తుడిచేస్తుంది. లాప్‌టాప్ డిస్క్ మీద పడిందంటే మొదటికే మోసం.

క్లీన్
కన్వర్ట్ ఎంబీఆర్
క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ సైజ్=30000
ఫార్మాట్ ఎఫ్ఎస్=ఫ్యాట్32 క్విక్
అసైన్

కన్వర్ట్ దగ్గర ఎర్రర్ వస్తే పట్టించుకోకండి, డ్రైవ్ ముందే ఎంబీఆర్‌లో, అంటే పార్టిషన్ల పట్టిక రాసే పాత పద్ధతిలో, ఉందన్నమాట. ఇంకొకటి, డిస్క్‌పార్ట్ లోపల ఫార్మాట్ వేరు, బయట ఫార్మాట్ వేరు. లోపల స్లాష్ ఉండదు, /క్యూ బదులు క్విక్ అనాలి. రెండూ కలిపి కొట్టేవాళ్ళే ఎక్కువ.

లైనక్స్ ఉన్నవాళ్ళకి ఈ 32 గోలే లేదు. ఎంకేఎఫ్ఎస్.వీఫ్యాట్ ‑ఎఫ్ 32 అని పార్టిషన్ పేరిస్తే 64 జీబీ అంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది.

వ్యాకరణం_వర్మ:
ఒక సవరణ. మనం ఫార్మాట్ చేసేది డిస్క్‌ని కాదు, వాల్యూమ్‌ని. డిస్క్ అంటే వస్తువు. అందులో గీసుకున్న హద్దు పార్టిషన్. దాని మీద కట్టిన ఫైల్ సిస్టమ్‌తో కలిపి వాల్యూమ్. పొలం, గట్టు, మడి వేరువేరు కదా. అందరూ అన్నిటినీ డ్రైవ్ అనడం వల్లే ఎర్రర్ ఏం చెబుతోందో అర్థం కావడం లేదు.

పాతకీబోర్డు:
వర్మ గారూ, పార్టిషన్‌కి విభాగం అనే తెలుగు మాట ఉంది కదా, అదే వాడవచ్చు.

వ్యాకరణం_వర్మ:
విభాగం అంటే ఆఫీసులో సెక్షన్ అనుకుంటారు. ఫైల్ సిస్టమ్‌కి ఏమంటారు మరి?

ఎన్_టెక్కలి:
32 జీబీ హద్దు ఫ్యాట్32ది కాదు, విండోస్ ఫార్మాట్ టూల్‌ది. 2024 ఆగస్టులో విండోస్ 11 పరీక్షా వెర్షన్‌లో, కమాండ్‌తో చేసే ఫార్మాట్‌కి మాత్రం, దాన్ని 2 టీబీకి పెంచారు. అందరి దగ్గరా అది ఉండదు.

పాతకీబోర్డు:
ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలని కూడా చెప్పండి. వీడియోలు వేసుకునేవాళ్ళు అక్కడ ఆగిపోతారు.

గోదారిగట్టు:
అయింది! చుక్క గుర్తు మూడుసార్లు చూసుకుని క్లీన్ కొట్టాను, అయినా చెయ్యి వణికింది. ఫార్మాట్ పది సెకన్లు కూడా పట్టలేదు. గుడికి తీసుకెళ్ళి పెట్టాను, యాంప్లిఫయర్ చదివింది. కానీ పాటలు వరుస తప్పుతున్నాయి. పదో పాట ముందు వస్తోంది, సుప్రభాతం మధ్యలో వస్తోంది. పేర్లకి ముందు 01, 02 అని అంకెలు కూడా పెట్టాను.

మెట్టుగూడ_టెర్మినల్:
అలాంటి ప్లేయర్లు చాలావరకు పేరు చూడవు అన్నా, ఏ ఫైలు ముందు కాపీ అయిందో దాన్నే ముందు పాడతాయి. అన్నీ తీసేసి, మళ్ళీ క్విక్ ఫార్మాట్ చేసి, ఒక్కొక్కటే వరుసలో కాపీ చేయండి. అన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి లాగొద్దు.

వ్యాకరణం_వర్మ:
ఫైల్ సిస్టమ్‌కి దస్త్ర వ్యవస్థ అని ఎక్కడో చూశాను.

గోదారిగట్టు:
30 పాటలు ఒక్కొక్కటే వేస్తున్నా, 11 అయ్యాయి. థాంక్స్ తమ్ముడూ. పొద్దున్నే లేవాలి, ఉంటాను.

పాతకీబోర్డు:
దస్త్రం అంటే కాగితాల కట్ట అండీ, ఇక్కడ అది నప్పదు.