వరదలో ఆశ్రయమిచ్చిన ఇరుగుపొరుగుకు కృతజ్ఞత ఎలా తెలుపుకోవాలి?

ప్రశ్న (సింగ్‌నగర్ నివాసి)

మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. కింది వాటాలో అద్దెకు ఉంటున్నాము. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు నీరు మా వీధిలోకి వచ్చినప్పుడు, గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుందిలే అనుకున్నాము. బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయని, అవతల ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ కూడా పొంగుతోందని మాకు తెలిసేసరికి మంచం కోళ్లు మునిగాయి. మధుమేహంతో బాధపడుతున్న మా అత్తయ్యను, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయిని తీసుకొని పై అంతస్తువారి తలుపు తట్టాము. అప్పటివరకు వారితో మాకు ఉన్నది పలకరింపుల పరిచయమే.

ఆ ఇంట్లో తొమ్మిది రోజులు ఉన్నాము. కరెంటు లేకపోవడంతో ఫ్రిజ్ పనిచేయక, అత్తయ్య ఇన్సులిన్ పాడైపోతుందని నేను కంగారు పడుతుంటే, ఆ ఇల్లాలు అటక మీది మట్టికుండ దింపి, అందులో నీళ్లు పోసి, సీసాను మూత బిగించిన డబ్బాలో పెట్టి కుండలో దింపి, పైన తడిగుడ్డ కప్పారు. ఆ నీళ్లు కూడా ట్యాంకులో అడుగున మిగిలినవే. మనిషికి ఇన్ని చెంబులని కొలిచి వాడుకుంటున్న రోజులవి. తన మంచం అత్తయ్యకు ఇచ్చి తాను చాప మీద పడుకున్నారు. మగవాళ్లు డాబా మీద పడుకున్నారు. వినాయక చవితి కూడా అక్కడే జరిగింది. పత్రి దొరికే దారి లేక, పసుపు ముద్దతో వినాయకుణ్ణి చేసి, పిడికెడు అటుకులు నైవేద్యం పెట్టాము.

ఆ తరువాత ప్రభుత్వ సాయం అందింది. నీట మునిగిన కింది అంతస్తువారికి 25,000 రూపాయలు, పై అంతస్తులవారికి 10,000 రూపాయలు. తొమ్మిది మందికి వండి పెట్టినవారికి తక్కువ, తిన్న మాకు ఎక్కువ రావడం నాకు నచ్చలేదు. అందుకని 5,000 రూపాయలు కవరులో పెట్టి, కవరుకు బొట్టు పెట్టి ఆమె చేతికి ఇచ్చాను. ఆమె కవరు విప్పి చూసి, “మేమేమైనా హోటలు నడిపామా అమ్మా?” అని తిరిగి నా చేతిలో పెట్టారు. ఆ రోజు నుంచి మాటలు తగ్గాయి. నా ఉద్దేశం మంచిదే. నేను చేసిన తప్పేమిటి? ఇప్పుడు ఎలా సరిదిద్దుకోవాలి? ఇంకొక సంగతి. నాలుగో రోజు నడుము లోతు నీళ్లలో నడిచివచ్చి మాకు పాల ప్యాకెట్లు ఇచ్చిన కుర్రవాడి పేరు కూడా అడగలేదు. ఆ బాధ వేరుగా ఉంది.

సమాధానం 1 (దివిసీమవాసి)

అమ్మా, మీరు చేసినది తప్పు అనడానికి నాకు మనసు రావడం లేదు. కాని ఆమెకు ఎందుకు నొచ్చిందో మన భాషలోనే ఉందనిపిస్తుంది. “ధన్యవాదాలు” అనేది సభల్లో చివర చెప్పే మాట. ఇంట్లో, వీధిలో నిజంగా మేలు పొందినవారు “మీ రుణం తీర్చుకోలేము” అంటారు. మీరు ఇచ్చిన కవరు దానికి సరిగ్గా వ్యతిరేకమైన మాట చెప్పింది: లెక్క చూసుకున్నాము, తీరిపోయింది అని. మీరు అలా అనుకోలేదని నాకు తెలుసు. కవరుకు మాత్రం తెలియదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు మా అమ్మ నిండు గర్భిణి. వేలమంది పోయిన ఆ ఉప్పెనలో మా ఇల్లు మట్టిగోడలతో సహా కొట్టుకుపోతే, పక్క ఊరి వారొకరు తమ పెంకుటింట్లో నెలకు పైగా మావాళ్లను ఉంచుకున్నారు. మా నాన్న వారికి ఏనాడూ డబ్బు ఇవ్వజూపలేదు. మరుసటి ఏడాది పంట చేతికి రాగానే ఒక బస్తా కొత్త బియ్యం బండి మీద వేసుకొని వెళ్లారు. వారు తిరిగి పంపేటప్పుడు బెల్లపు దిమ్మ ఒకటి బండిలో పెట్టారు. ఇది నలభై ఏళ్లకు పైగా సాగుతోంది. ఇప్పుడు మా ఇంట్లో పొలం చేసేవారు లేరు, బియ్యం నేను బజారులోనే కొంటున్నాను. అయినా సంక్రాంతికి బస్తా వెళుతుంది, బెల్లం వస్తుంది. ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో మా పిల్లలకు తెలియదు, వాళ్లు అడగరు కూడా.

మీరు ముందుగా ఒక గిన్నెతో మొదలుపెట్టండి. ఇంట్లో పులిహోరో బొబ్బట్లో చేసిన రోజున మీ అమ్మాయి చేత పైకి పంపండి. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదన్నది మన ఇళ్లలో ఉన్న అలవాటే కదా. ఆ అలవాటు మీ పని సగం చేస్తుంది.

సమాధానం 2 (లెక్కల మాస్టారు)

పైవారి మాటను గౌరవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. రుణం తీరదనే మాటను పట్టుకొని నిజమైన ఖర్చును మరచిపోతే, అది మేలు పొందినవారికే అనుకూలంగా ఉంటుంది. తొమ్మిది రోజులపాటు తొమ్మిది మందికి వంట జరిగిందంటే గ్యాసు, బియ్యం, పప్పు అయిపోయి ఉంటాయి. ఆ ఇంటి యజమాని వారం రోజులకు పైగా పనికి వెళ్లి ఉండరు. నోటు రూపంలో ఇస్తే వారు తీసుకోలేరు, కాని వారికి అవసరం లేదని మనం అనుకోకూడదు.

నా సలహా ఏమిటంటే, నిండు సిలిండరు ఒకటి వారి వంటగది గుమ్మం దగ్గర పెట్టించి, “అప్పుడు మేము ఖాళీ చేసినది ఇది” అని చెప్పండి. అలాగే బియ్యం బస్తా. వాడుకున్న వస్తువును తిరిగి ఇవ్వడం చేబదులు తీర్చడమే, ఆదరణకు వెల కట్టడం కాదు. చేబదులు పంచదార తిరిగి ఇస్తే ఎవరూ నొచ్చుకోరు కదా! కవరు ఇచ్చినందుకు క్షమాపణ కూడా వేరుగా, ఒక్క మాటలో చెప్పండి, వివరణలు వద్దు.

సమాధానం 3 (గుంటూరు విద్యార్థి)

మీకు పాలు ఇచ్చినది నేను కాదు. కాని ఆ వారంలో మూడు రోజులు పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఆహార పొట్లాలు పంచినవాళ్లలో ఒకణ్ణి కాబట్టి, అవతలి వైపు సంగతి రాస్తున్నాను. పై అంతస్తులవారు తాడుకు బకెట్టు కట్టి దించేవారు, మేము పడవలోంచి పొట్లాలు వేసేవాళ్లం. ఒకచోట మేము పన్నెండు వేస్తే బకెట్టు పైకి వెళ్లి మళ్లీ కిందికి దిగింది. అందులో నాలుగు పొట్లాలు తిరిగి వచ్చాయి. “మేము ఎనిమిది మందిమే నాయనా, వెనక సందులో ముసలివాళ్లు ఉన్నారు, వాళ్లకు ఇవ్వండి” అని బాల్కనీలోంచి ఒక పెద్దావిడ కేక వేశారు. మేము అప్పటికి ఆ సందులోకి వెళ్లనే లేదు. ఆ మాట వినకపోతే వెళ్లేవాళ్లమూ కాదు.

ఆమె ముఖం నాకు సరిగ్గా గుర్తులేదు, ఆమెకు మా ముఖాలూ గుర్తుండవు. కోనసీమలో డొక్కా సీతమ్మగారు (1841–1909) దారిన పోయేవారికి వేళకాని వేళల్లో అన్నం వండి పెట్టేవారని చదువుకున్నాము. తిని వెళ్లినవారిలో తిరిగి వచ్చి పేరు చెప్పుకున్నవారు ఎందరుంటారు? కాబట్టి ఆ కుర్రవాణ్ణి వెతకనక్కరలేదని నా అభిప్రాయం. మాకు అన్నిటికంటే తోడ్పడినవి వెనక సందు చూపించిన మాటలే. ఈసారి మీ వీధికి ఎవరైనా సాయం తెస్తే, ఏ ఇంట్లో లేవలేనివారు ఉన్నారో, ఎవరికి ఇన్సులిన్ కావాలో చెప్పగలిగేలా ఒక కాగితం రాసి ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ నమస్కారం. కార్తిక పౌర్ణమి నాడు పులిహోర గిన్నె అమ్మాయి చేత పంపాను, మరుసటి రోజు సిలిండరు పైకి ఎక్కించాము. మాస్టారుగారు చెప్పిన మాటే చెప్పాను. ఆమె సిలిండరు ఉంచుకున్నారు. “ఆ కవరు విషయంలో పొరపాటు చేశానండీ” అన్నాను. ఆమె దానికి బదులు చెప్పకుండా, అత్తయ్యకు షుగరు ఎంత ఉందని అడిగి, కూర్చోమని కుర్చీ జరిపారు. అరగంట కూర్చున్నాను. ఇన్సులిన్ పెట్టిన ఆ మట్టికుండ మళ్లీ అటకెక్కలేదు. వంటగది మూలన ఇసుక పోసి నిలబెట్టారు, ఇప్పుడు అందులో తాగే నీళ్లు పోసుకుంటున్నారు. నాకు ఒక గ్లాసు ముంచి ఇచ్చారు.