ఫుట్‌బాల్‌లో హీలియం నింపితే గాల్లో తేలుతుందా?

నమస్కారం. మాది విజయవాడ. బెలూన్లు పైకి ఎగరడం చూసినప్పటి నుంచి, తన ఫుట్‌బాల్‌లోనూ హీలియం నింపించమని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. ఆరో తరగతి పిల్లవాడు. తప్పు సమాధానం చెప్పడం నాకు ఇష్టం లేదు.

నేను వేసిన లెక్క ఇది. అయిదో నంబరు బంతి బరువు 410 నుంచి 450 గ్రాములు, లోపలి చోటు దాదాపు 5.5 లీటర్లు. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. అంటే చుట్టూ ఉన్న గాలి ఆ బంతిని పైకి నెట్టేది 7 గ్రాముల మేరకే. ఇక తేలేదెలా? ఈ లెక్క సరైనదేనా?

గట్టిగా నింపిన బంతిలో గాలికి బదులు హీలియం ఉంటే 10 గ్రాముల దాకా తగ్గవచ్చు. అప్పుడు తన్నితే ఎక్కువ దూరం వెళుతుందా, లేక తేలికైనందువల్ల త్వరగా వేగం కోల్పోతుందా?

నా అసలు భయం మాత్రం వేరు. బెలూన్లలో కొందరు హైడ్రోజన్ నింపుతారు, అది మండే వాయువు. సిలిండర్‌లో ఉన్నది హీలియమేనని ఎలా నిర్ధారించుకోవాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.