ఉప్పెన తర్వాత బీచ్ హోటళ్లు తిరిగి కట్టేటప్పుడు ముప్పు తగ్గించే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

తీరరేఖ (ప్రశ్న):
తుపాను ఉప్పెనో సునామీయో కొట్టిన పర్యాటక తీరంలో అందరి చూపూ తర్వాతి సీజన్ మీదే ఉంటుంది. పాత పునాదుల మీదే గోడలు లేచిపోతాయి. ముప్పు తగ్గింపు ప్రణాళిక ఆర్నెల్లకు వచ్చేసరికి స్లాబులు వేసేసి ఉంటారు. విపత్తు ముప్పు తగ్గించడానికి ఐక్యరాజ్యసమితి దేశాలు ఒప్పుకున్న సెండాయ్ ఫ్రేమ్‌వర్క్ (2015–2030) నాలుగో ప్రాధాన్యంలో మునుపటికన్నా మెరుగ్గా కట్టుకోమని ఉంది. అది సైటు మీదకి దిగేదెలా? ఏది ముందు, ఏది వెనుక? సముద్రం నుంచి ఎంత దూరం వదలాలి?

పైల్‌క్యాప్:
మొదటి వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది: నీటి మరకలు నమోదు చేయడం. గోడలు కడిగి రంగు వేసేలోపు ప్రతి భవనంలో నీరు ఎంత ఎత్తుకి వచ్చిందో గీత గీసి, ఫొటో తీసి, ఆ ఎత్తులన్నీ ఒకే బెంచ్‌మార్కు (కదలని ఎత్తు గుర్తు) నుంచి లెవెలింగ్ చేసి, అంటే కొలిచి, రాయాలి. బయటి గోడ మరకలో అల చిమ్మిన ఎత్తు కలిసిపోతుంది కాబట్టి గది లోపలి మరకనే ఎక్కువ నమ్మండి.

ఆ ఎత్తు తెలిశాక షరతులు మరమ్మతు రుణంలో, తిరిగి తెరిచే అనుమతిలో రాయించాలి. విడి మార్గదర్శకంగా ఇస్తే ఎవరూ తెరిచి చూడరు. నేను రాయించే షరతులివి. ప్యానెల్ బోర్డు, జనరేటర్ మరక కన్నా పైన ఉండాలి. ఉప్పునీటిలో మునిగిన బ్రేకర్లు ఆరబెట్టి వాడకూడదు, మార్చాల్సిందే. లోపల తుప్పు నెమ్మదిగా పనిచేసి, కొన్నాళ్లకు షార్ట్ సర్క్యూట్ చేస్తుంది.

డీజిల్ ట్యాంకును అందరూ మర్చిపోతారు. 1000 లీటర్ల ట్యాంకు పూర్తిగా మునిగితే సముద్రపు నీరు దాన్ని సుమారు 1025 కిలోల బలంతో పైకి నెడుతుంది. నిండుగా ఉన్నా లోపలి డీజిల్ బరువు 840 కిలోలే. పట్టీలతో కాంక్రీటు దిమ్మెకి బిగించకపోతే తేలిపోయి, పైపులు తెంపి, బీచంతా చమురు చేస్తుంది.

కింది అంతస్తును పార్కింగుకి ఖాళీగా వదలడం మేలు. గోడ కావాలంటే అల తాకిడికి ఊడిపోయే తేలిక గోడ కట్టండి, దాని ఊచలను స్తంభాల ఊచలకు కట్టొద్దు, అందులోంచి వైర్లు, పైపులు తీసుకెళ్లొద్దు. కట్టేస్తే గోడ మీద పడిన బలమంతా స్తంభానికి పోతుంది. పునాది అడుగు మాత్రం ఇసుక కోతకు గురయ్యే లోతు కన్నా కిందికి దిగాలి. ఎన్నో భవనాలు కూలేది అల కొట్టుడుకి కాదు, కింద ఇసుక కొట్టుకుపోవడం వల్ల.

బీచ్ ఇసుకతో కాంక్రీటు కలపనివ్వకండి. ఉప్పు ఊచల్ని తినేస్తుంది, పైగా తీరానికి కాపలా ఉండే ఇసుకతిన్నె కరిగిపోతుంది.

ఇసుకతిన్నె:
దూరం గురించి: తీరమంతటికీ ఒకే అంకె పెడితే నిలవదు. 2004 సునామీ తర్వాత శ్రీలంకలో దక్షిణ, పశ్చిమ తీరాలకు 100 మీటర్లు, ఉత్తర, తూర్పు తీరాలకు 200 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలన్నారు. జాలరి కుటుంబాల్ని కదిలించి హోటళ్లకు సడలింపులిచ్చారన్న అసంతృప్తి పెరిగింది, చివరికి ఆ హద్దునే తగ్గించారు. హద్దు ఏదైనా అందరికీ ఒకటే కావాలి. దాన్ని నీరు వచ్చిన ఎత్తు, ఏటా తీరం ఎంత కోసుకుపోతోంది అన్న లెక్కల మీద గీయాలి.

సముద్రపు గోడకి తొందరపడకండి. నిలువు గోడకు కొట్టిన అల వెనక్కి మళ్లి గోడ పాదం దగ్గరి ఇసుకను లాగేస్తుంది. బీచ్ పోయాక పర్యాటకుడు ఎందుకొస్తాడు? తిన్నెను తిరిగి నిలబెట్టి తీగలు పట్టించండి. హోటల్ నుంచి నేరుగా సముద్రానికి కోసిన దారి ఉప్పెనకు గేటు లాంటిది. దారిని వంకరగా తిప్పండి, లేదా తిన్నె మీదుగా చెక్క వంతెన వేయండి.

సైరన్:
భవనాలు బాగున్నా అతిథి ఎటు పరిగెత్తాలో తెలియకపోతే ప్రాణాలు దక్కవు. థాయిలాండ్‌లో 2004లో చనిపోయినవారిలో దాదాపు సగం మంది విదేశీ పర్యాటకులే. భూకంపం వచ్చిన దాదాపు 2 గంటలకు అక్కడ అలలు చేరాయి. సమయం ఉంది, కబురు అందలేదు. భూమి కంపిస్తే పరిగెత్తాలన్న బోధన ఒక్కటే చాలదు. 2018 డిసెంబర్ 22 రాత్రి అనక్ క్రకటోవా అగ్నిపర్వతం ఒక పక్క జారి ఇండోనేషియాలోని సుండా జలసంధిలో సునామీ వచ్చినప్పుడు, ముందుగా హెచ్చరించే పెద్ద కంపం లేదు. తంజుంగ్ లెసుంగ్ బీచ్ రిసార్టులో కచేరీ జరుగుతున్న వేదిక మీదికే అల వచ్చింది.

లెక్క ఇలా వేయండి. అలకు 30 నిమిషాలుంటే కబురు చేరడానికి 5, జనం కదలడానికి 10 తీసేయండి. మిగిలిన 15 నిమిషాల్లో సెకనుకి 1 మీటరు నడిచినా 900 మీటర్లే. వృద్ధులకు, చీకట్లో ఇసుకలో నడిచేవారికి ఇంకా తగ్గించండి. అంత దూరంలో ఎత్తు దొరకకపోతే పైకి ఎక్కించే భవనం కావాలి. అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం ఇచ్చిన ఏఎస్‌సీఈ 7 ప్రమాణం ప్రకారం ఆశ్రయ అంతస్తు, అంచనా నీటిమట్టానికి 1.3 రెట్లు లెక్కించి, దానిపైన కనీసం 3 మీటర్లు లేదా ఒక అంతస్తు ఎత్తు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది కలిపిన ఎత్తులో ఉండాలి. రాత్రి షిఫ్టులో ఒక్కడే ఉన్నా, పైవాళ్ల అనుమతి అడగకుండా సైరన్ మోగించే అధికారం అతనికి రాతపూర్వకంగా ఇవ్వాలి.

తీరరేఖ:
ఇదంతా ఉపయోగపడింది. బావులు ఉప్పెక్కితే పూర్తిగా తోడేయాలా?

పైల్‌క్యాప్:
వద్దు. గట్టిగా తోడితే కింది ఉప్పునీరు ఇంకా పైకి లేస్తుంది. బురద తీసి, కొద్దిగా తోడి, క్లోరిన్ వేసి ఆపండి. తాగేందుకు కాదు, కడుక్కోవడానికే వాడుతూ వానల కోసం ఆగాలి. ట్యాంకర్ నీటిలో క్లోరిన్ కలిపిన 30 నిమిషాల తర్వాత లీటరుకి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో లేదో చూడండి.