డిజైన్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్, సూట్‌కేసులో 12 మంగళగిరి చున్నీలు: సలహా కావాలి

ఈస్ట్‌హామ్ నుంచి, 2025 అక్టోబర్

అందరికీ నమస్తే. నేను వచ్చి మూడు వారాలైంది. మాది మంగళగిరి. బీఆర్క్ అయ్యాక రెండేళ్ళు విజయవాడలో ఒక ఇంటీరియర్స్ ఆఫీసులో పనిచేశాను. ఇప్పుడు లండన్‌లో డిజైన్ మేనేజ్‌మెంట్, ఆంట్రప్రెన్యూర్‌షిప్ కలిపి చెప్పే ఏడాది మాస్టర్స్‌లో చేరాను. ఊళ్ళో నాన్నకి చేనేత బట్టల కొట్టు ఉంది. ఆరు మగ్గాల వాళ్ళు మాకే నేస్తారు.

క్లాసులో మొదటి రోజు నుంచీ స్టార్టప్ అన్న మాటే. అందరూ ఏదో ఒకటి మొదలుపెట్టేసేలా ఉన్నారు. అమ్మ సూట్‌కేసులో 12 చున్నీలు పెట్టింది, ఎవరైనా అడిగితే ఇచ్చి డబ్బులు తీసుకోమని. దీపావళి ఫంక్షన్‌లో చిన్న టేబుల్ వేసుకోవచ్చా? ఫైనల్ ప్రాజెక్టుకి మా కొట్టునే తీసుకుంటే బాగుంటుందా? ఈ చదువుకి తర్వాత ఉద్యోగం వస్తుందా? నాన్న లోన్ తీసి పంపారు, టెన్షన్‌గా ఉంది.

హౌన్‌స్లో నుంచి

చెల్లీ, ముందు ఆ టేబుల్ మాట మర్చిపో.

స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు. ఒక్క చున్నీ అమ్మినా వ్యాపారమే. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డర్లు తీసుకున్నా, ఎవరికో లోగో గీసి డబ్బు పుచ్చుకున్నా అంతే. వ్యాపారం ఎలా చేయాలో ఏడాదంతా నేర్పిస్తారు, ఆ ఏడాదే చేయనివ్వరు. నేనూ ఇలాంటి కోర్సే చేశాను. అప్పట్లో ఒక హోటల్ ఆయన మెనూ కార్డు డిజైన్ చేయమంటే చేసి, 150 పౌండ్లు చేతికి తీసుకున్నాను. యూనివర్సిటీ అడ్వైజర్ దగ్గర ఆ మాట గొప్పగా చెప్పుకుంటే ఆవిడ తల పట్టుకుంది. రెండు వారాలు నాకు నిద్ర లేదు.

ఇంకోటి. అమ్మడానికి తెచ్చే సరుకు ఎంత తక్కువైనా ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేయాలి. అమ్మ పెట్టినవి బహుమతులే అనుకుని స్నేహితులకి ఇచ్చెయ్. నాన్నగారి కొట్టు పేజీని ఇక్కడ కూర్చుని నువ్వు నడిపినా అది పని కిందికే రావచ్చు. మొదలుపెట్టే ముందు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకి మెయిల్ రాసి, జవాబు దాచుకో. నోటి మాట మీద ఆధారపడొద్దు.

ఉద్యోగమైతే వారానికి 20 గంటలు, సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్క. ఈ వారం 10 చేశా కాబట్టి వచ్చే వారం 30 చేస్తానంటే కుదరదు. వేసవిలో పూర్తి సమయం చేసుకోవచ్చని మన పిల్లలు చాలామంది అనుకుంటారు. డిగ్రీ వాళ్ళకి అది సెలవు. మాస్టర్స్ వాళ్ళకి డిసర్టేషన్ రాసే కాలం కాబట్టి అప్పుడూ 20 గంటలే.

ప్రాజెక్టు సంగతి రాత్రికి రాస్తాను, పిల్లాణ్ణి స్విమ్మింగ్ నుంచి తేవాలి.

లెస్టర్ నుంచి

అమ్మాయ్, ఏమీ అనుకోకు. ఆ డబ్బుతో ఎంబీఏ చేస్తే సరిపోయేది. డిజైన్ మేనేజర్ అన్న పేరుతో ఉద్యోగ ప్రకటన నేను ఇంతవరకు చూడలేదు.

హౌన్‌స్లో నుంచి, రాత్రి

లెస్టర్ అన్నయ్య మాటలో సగం నిజం ఉంది. ఆ పేరుతో వెతికితే పెద్దగా దొరకవు. సర్వీస్ డిజైనర్, డిజైన్ రీసెర్చర్, బ్రాండ్ మేనేజర్, ప్రొడక్ట్ మేనేజర్ అని వెతకాలి. బీఆర్క్ చేసిన పిల్ల ఎంబీఏలో కూర్చుంటే చేతిలో ఉన్న పనితనం పక్కన పడుతుంది, అది నా అభిప్రాయం. ఈ దేశంలో ఈ చదువు ఊరికే పుట్టలేదు. 2005లో సర్ జార్జ్ కాక్స్ ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. వ్యాపారం, ఇంజినీరింగ్, డిజైన్ చదివేవాళ్ళు ఒకరి పని ఒకరికి తెలియకుండా పెరుగుతున్నారు, వాళ్ళని కలపాలి అని. ఆ తర్వాతే రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్, ఇంపీరియల్ కాలేజ్ కలిసి డిజైన్ లండన్ అనే ఉమ్మడి కేంద్రం పెట్టాయి. అందుకే నీ గ్రూపులో ఒక బీకామ్, ఒక ఫ్యాషన్, ఒక ఇంజినీర్ ఉండి ఉంటారు. వాళ్ళతో పడే తలనొప్పి కూడా సిలబస్సే అనుకో.

ప్రాజెక్టుకి మీ కొట్టు తీసుకో. చదువుకోసం చేసే పరిశోధన వ్యాపారం కాదు కదా. కాకపోతే ‘మంగళగిరి చేనేతకి బ్రాండింగ్’ అని పెట్టకు. అలాంటి ప్రాజెక్టులు చూసి చూసి టీచర్లకి విసుగొచ్చింది, చివరికి ఒక లోగో, ఒక వెబ్‌సైటు మిగులుతాయి. గుంట మగ్గం దగ్గర మొదలుపెట్టు. ఒక చీర మీద నేసేవాళ్ళకి ఎంత, నూలుకెంత, కొట్టుకెంత? ఆర్డర్ లేని నెలలో ఏం జరుగుతుంది? అంచు డిజైన్ మార్చాలని ఎవరు నిర్ణయిస్తారు, మీ నాన్నా, నేసేవాళ్ళా, హైదరాబాద్ షాపు వాళ్ళా? డిజైన్ మేనేజ్‌మెంట్ అంటే ఆ చివరి ప్రశ్నే. అంచులో తప్ప ఆర్భాటం లేని బట్ట మనది, ఒక్క అంచు మారితే చీర మారిపోతుంది.

నేసేవాళ్ళతో మాట్లాడాలంటే ముందు యూనివర్సిటీ ఎథిక్స్ అనుమతి కావాలి. ఫోన్లో మాట్లాడినా కావాలి. నీకు చిన్నప్పటి నుంచీ తెలిసిన బాబాయిలైనా సరే. అంగీకార పత్రం తెలుగులో రాసి, ఇంగ్లిష్ కాపీ జత చెయ్. ఆ ఫారం ఆలస్యమై నా క్లాసులో ఇద్దరు టాపిక్కే మార్చుకున్నారు, అందుకే జనవరిలోనే మొదలుపెట్టు.

నువ్వున్న చోటికి బస్సు దూరంలో స్ట్రాట్‌ఫర్డ్ ఉంది. అక్కడ వీ అండ్ ఏ మ్యూజియం తన వస్తువులు దాచే వీ అండ్ ఏ ఈస్ట్ స్టోర్‌హౌస్ ఈ ఏడాది మే 31న తెరిచారు. ప్రవేశం ఉచితం. కనీసం రెండు వారాల ముందు బుక్ చేస్తే నువ్వు అడిగిన వస్తువులు బయటికి తీసి దగ్గరగా చూపిస్తారు, ఒకసారికి అయిదు దాకా. కోరమాండల్ తీరం కలంకారీ బట్టలు అడుగు. మన మచిలీపట్నంలో ఇంగ్లిష్ ఈస్ట్ ఇండియా కంపెనీ 1611లోనే వ్యాపార కొఠీ పెట్టింది. తర్వాత ఆ అద్దకం బట్టలకి ఇక్కడి జనం ఎంత ఎగబడ్డారంటే, స్థానిక నేతగాళ్ళ గొడవ భరించలేక పార్లమెంటు మొదట దిగుమతి ఆపింది, 1721లో వాడకం కూడా నిషేధించింది. ఈ కొనుగోలుదారుల అభిరుచికి తగ్గట్టు తెల్ల నేల మీద పువ్వులు వేయమని కంపెనీ వాళ్ళు నమూనాలు పంపేవారు. డిజైన్ ఎవరి చేతిలో ఉంటుందన్న నీ ప్రశ్న అంత పాతది.

కింగ్స్ క్రాస్ దగ్గర బ్రిటిష్ లైబ్రరీలో బిజినెస్ అండ్ ఐపీ సెంటర్ ఉంది. బయట కొనాలంటే వందల పౌండ్లయ్యే మార్కెట్ రిపోర్టులు అక్కడ కూర్చుని ఉచితంగా చదువుకోవచ్చు. నేను ఏడాది ఆఖర్లో కనుక్కున్నాను, నువ్వు ఈ వారమే వెళ్ళు.

మార్కుల గురించి ఒక మాట. ఇక్కడ 50 వస్తే పాస్, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. మొదటి అసైన్‌మెంట్‌కి 62 వస్తే ఏడుస్తూ ఇంటికి ఫోన్ చేయకు. నేను చేశాను, మా నాన్న టికెట్ పంపిస్తా వచ్చెయ్యమన్నారు.

రెడింగ్ నుంచి

అక్క చెప్పనిది, తర్వాతి వీసా. కోర్సయ్యాక గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్ళు. దాని మీద స్వయం ఉపాధికి ఇబ్బంది లేదు, నీ చున్నీల టేబుల్ అప్పుడు వేసుకోవచ్చు. అయితే 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్ళకి 18 నెలలే. నీ ఫలితం వచ్చినట్టు యూనివర్సిటీ వాళ్ళు వీసాలు చూసే హోం ఆఫీసుకి చెప్పాకే అప్లై చేయగలవు. అంటే 2026 డిసెంబర్‌లో నీకు రోజులే మిగులుతాయి. డిసర్టేషన్ పొడిగింపు అడిగే ముందు ఈ లెక్క చూసుకో, ఆర్నెల్లు పోతాయి.

కంపెనీ పెట్టేవాళ్ళకి ఇన్నోవేటర్ ఫౌండర్ వీసా ఉంది. 2023 ఏప్రిల్‌లో వచ్చింది, పాత 50,000 పౌండ్ల పెట్టుబడి నిబంధన తీసేశారు. గుర్తింపు పొందిన సంస్థ నీ ఆలోచనని ఆమోదించాలి, దానికి 1,000 పౌండ్లు, వీసా ఫీజు వేరే. ఆలోచన కొత్తది కావాలి, పెరిగేది కావాలి. ఇండియా నుంచి చీరలు తెచ్చి అమ్ముతానంటే దాటడం కష్టం.

ఉద్యోగంలో స్పాన్సర్‌షిప్, అంటే కంపెనీ ద్వారా వచ్చే వర్క్ వీసా కావాలంటే ఈ జులై నుంచి జీతం మామూలుగా 41,700 పౌండ్లు ఉండాలి. కొత్తగా చదువు ముగించినవాళ్ళకి 33,400 దాకా తగ్గే వీలుంది, ఆ ఉద్యోగానికి ఉన్న ప్రత్యేక రేటు కూడా దాటాలి. పెద్ద కంపెనీలు కొత్తగా చదువు ముగించినవాళ్ళని తీసుకునే గ్రాడ్యుయేట్ స్కీములు చాలావరకు ఇప్పుడే తెరిచి ఉంటాయి. క్రిస్మస్ తర్వాత చూద్దాంలే అంటే మూసేస్తారు.

లెస్టర్ నుంచి

సర్వీస్ డిజైనర్ అని వెతికాను. ఉన్నాయి. ఎంబీఏ మాట వెనక్కి తీసుకోను గానీ, సీవీ పంపు తల్లీ, మా ఆఫీసులో ఆ టీమ్ ఒకటి ఉందని ఇవాళే తెలిసింది.

ఈస్ట్‌హామ్ నుంచి

అక్కా, అన్నయ్యా, చాలా థాంక్స్. టేబుల్ కాన్సిల్. అమ్మకి చెప్తే ముందు ‘ఒక్కటి అమ్మితే ఎవరు చూస్తారు’ అంది, నాన్న ఫోన్ లాక్కుని ఊరుకోమన్నారు. అంచు ఎవరు నిర్ణయిస్తారని ఆయన్నే అడిగాను. నేనే అన్నారు. కాసేపాగి, నిజానికి మూడేళ్ళుగా షాపు వాళ్ళు వాట్సాప్‌లో పంపే ఫోటోలే నేయిస్తున్నామన్నారు.

స్టోర్‌హౌస్‌లో కలంకారీ చూడ్డానికి నవంబర్ రెండో శనివారానికి బుక్ చేశాను. ఇటువైపు ఉన్నవాళ్ళు ఎవరైనా వస్తారా? వచ్చినవాళ్ళకి చున్నీ ఉచితం, పదకొండే ఉన్నాయి.