అప్‌డేట్: స్వాహిలీలో 'పొడవు' గొడవ తేలింది

టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో వడ్రంగికి అక్కడి భాష స్వాహిలీలో 6 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు బీరువా చెబితే, అడ్డంగా పడుకున్న 6 అడుగుల పెట్టె చేసి ఇచ్చాడని పోయిన నెల ఇక్కడే మొత్తుకున్నాను కదా. సలహా ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్.

అడుగులకీ సెంటీమీటర్లకీ తేడా వచ్చి ఉంటుందన్నారు. అది కాదు, ఇద్దరి టేపులూ పక్కపక్కన పెట్టి చూశాం. అసలు చిక్కు 'ఉరెఫు' దగ్గరే అని స్వాహిలీ చెప్పే టీచరుగారు తేల్చారు. ఆ మాటకి పొడవు అనీ ఎత్తు అనీ రెండర్థాలూ ఉన్నాయట. మన 'పొడుగు' మనిషికీ తాడుకీ పనికొచ్చినట్టే! నేను ఉరెఫు 6, ఉపానా (వెడల్పు) 3 అన్నాను. వడ్రంగి దాన్ని నేల మీద కొలుచుకున్నాడు. తప్పు ఆయనది కాదు.

ఒకరు చెప్పినట్టు 'క్వెండా జూ', అంటే పైకి, అని కలిపి చెప్పి చేత్తో చూపించాను. పక్కనే బొమ్మ కూడా గీశాను. రెండో బీరువా సరిగ్గా వచ్చింది. మొదటిది బల్లగా వాడుతున్నాం.

'పొడుగైన' అనే విశేషణం మ్రెఫు, కిరెఫు, ండెఫు అని రకరకాలుగా వినబడి టెన్షన్ పడ్డాను గానీ, దానికీ ఈ బీరువా గొడవకీ సంబంధం లేదు. స్వాహిలీలో నామవాచకాలు వర్గాలుగా ఉంటాయి; నామవాచకం ఏ వర్గానిదైతే విశేషణం ముందు ఆ వర్గం గుర్తు చేరుతుంది, అంతే: చెట్టుకి 'మ్టి మ్రెఫు', కుర్చీకి 'కిటి కిరెఫు', బల్లకి 'మెజా ండెఫు'. బీరువాకి మాత్రం ఏ గుర్తూ లేకుండా 'కబాటి రెఫు'.