ఆస్తమాకి ఆక్యుపంక్చర్ నిజంగా పనిచేస్తుందా? స్టడీలు చదివినవాళ్ళు చెప్పండి ప్లీజ్

మా అమ్మకి ఇరవై ఏళ్ళుగా ఆయాసం, హైదరాబాద్ వెళ్ళి చేప మందు కూడా మింగించాం, ఇప్పుడెవరో సూదులు వేయించుకుంటే ఇన్‌హేలర్ మానేయొచ్చన్నారంట, ఇంట్లో ఒకటే గొడవ. నేను వెతికితే కాక్రేన్ (వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ) వాళ్ళ 2004 రివ్యూ దొరికింది, 12 ట్రయల్స్ అన్నీ కలిపినా 350 మందే, తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలవన్నారు. 2011లో వచ్చిన అమెరికా స్టడీ ఇంకా విచిత్రం, ఉత్తుత్తి సూదులు గుచ్చినా పేషెంట్లు దాదాపు ఇన్‌హేలర్ పీల్చినంత హాయిగా ఉందన్నారు, తీరా గొట్టంలోకి ఊదించి చూస్తే ఇన్‌హేలర్‌తో ఎఫ్ఈవీ1 (గట్టిగా ఊదితే మొదటి సెకనులో బయటికొచ్చే గాలి) 20 శాతం పెరిగింది, ఆ సూదులతో 7 శాతమే, అసలేమీ చెయ్యనప్పుడూ అంతే! మరి హాయిగా ఉందని ఇన్‌హేలర్ ఆపేస్తే డేంజరే కదా? మందులు ఆపకుండా పక్కన సూదులు కూడా వేయించి నెలల తరబడి చూసిన మంచి ట్రయల్ ఏదైనా తెలుసా? ఊపిరితిత్తుల డాక్టర్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి, అమ్మ శనివారం వెళ్తానని కూర్చుంది.