క్రీడల పేజీలో "ఉత్ప్రేరకం", ఈ మాట సరైనదేనా?

చాన్నాళ్ళుగా అడగాలనుకుంటున్నా. ఎవరైనా అథ్లెట్ స్టెరాయిడ్ వాడి దొరికితే మన పేపర్లలో "నిషేధిత ఉత్ప్రేరకాలు వాడినట్టు తేలింది" అని రాస్తారు కదా, నేను కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి, ఆ మాట కనపడ్డప్పుడల్లా పంటి కింద రాయి పడ్డట్టుంటుంది. ఉత్ప్రేరకం అంటే చర్య వేగం పెంచి చివరికి తను మాత్రం మారకుండా మిగిలేది. స్టెరాయిడ్ కథ సరిగ్గా దీనికి ఉల్టా. లివర్‌లో ఎంజైములు దాన్ని పట్టుకుని అక్కడో ఆక్సిజన్ ఇక్కడో హైడ్రోజన్ తగిలించి, నీళ్ళలో కరగడానికి గ్లూకురోనిక్ ఆమ్లం కూడా జోడించి మూత్రంలోకి తోసేస్తాయి, అందుకే చాలా స్టెరాయిడ్ల విషయంలో ల్యాబ్‌వాళ్ళు వెతికేది మింగిన మందుని కాదు, అది మారగా వచ్చిన రూపాల్ని. 1988 సియోల్‌లో 100 మీటర్లు 9.79 సెకన్లలో కొట్టిన బెన్ జాన్సన్ స్టానజోలాల్ అనే స్టెరాయిడ్‌తో దొరికింది కూడా అలాగే. పైగా ఎంజైముల్ని మన పాఠ్యపుస్తకాల్లో ఏమంటారు? జీవ ఉత్ప్రేరకాలు! అంటే అసలు ఉత్ప్రేరకం మందుని మార్చేది, మనమేమో ఆ పేరు మందుకే పెట్టేశాం.

— మాస్టారూ, నేను కొన్నాళ్ళు డెస్కులో పనిచేశా కాబట్టి పేపరోళ్ళ తరఫున ఒక మాట. ప్రేరకం అంటే పురికొల్పేది, పైన ఉత్ చేరింది, అంతే కదా. ఒలింపిక్స్‌లో 1968లో టెస్టులు మొదలైనప్పుడు వెతికింది ఒంటిని ఉరకలెత్తించే మందుల కోసమే, స్టెరాయిడ్ల టెస్టు 1976 మాంట్రియల్‌కి గానీ రాలేదు. ఆ మొదటి రకానికి ఉత్ప్రేరకం బానే అతుకుతుంది, తర్వాత స్టెరాయిడ్లనీ అదే గంపలో వేసేశారని నా ఊహ. కెమిస్ట్రీవాళ్ళు ఒక మాట తీసుకున్నారని మిగతావాళ్ళు వాడకూడదంటే ఎలా అండీ?

— నాకు "నిషేధిత" దగ్గరే డౌటు. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోనూ స్టెరాయిడే, అది ఒంట్లో ఎలాగూ ఊరుతుంది కదా, దాన్ని నిషేధించడమేంటి?

— మంచి ప్రశ్న అండీ. నిషేధం బయటినుంచి ఎక్కించుకున్నదానికే. ఒంట్లో దానికి ఎపిటెస్టోస్టిరాన్ అని ఓ జంట ఉంటుంది, మూత్రంలో మామూలుగా రెండూ కాస్త అటూఇటూగా సమానం. బయటినుంచి ఎక్కించుకుంటే మొదటిది పెరుగుతుంది, రెండోది పెరగదు. ఒకప్పుడు మొదటిది రెండోదానికి 6 రెట్లు దాటితే అనుమానించేవాళ్ళు, తర్వాత 4కి దించారు. కొందరికి పుట్టుకతోనే ఎక్కువుంటుంది కాబట్టి అక్కడితో తేల్చరు, కార్బన్ చూస్తారు. ఫ్యాక్టరీ సరుకు సోయా లాంటి మొక్కల నుంచి తీసినదానితో చేస్తారు, అందులో కార్బన్-13 (కార్బన్‌లోనే కాస్త బరువైన రకం) మన ఒంట్లో తయారైనదాని కంటే కొంచెం తక్కువ, అక్కడ బయటపడుతుంది.

— ఇంతకీ మందు ఒంట్లో మారగా వచ్చిన ఆ రూపాన్ని మెటబొలైట్ అంటారు కదా, దానికి తెలుగేంటి? "జీవక్రియా ఉత్పన్నం" అని చదివా, నోరు తిరగట్లేదు. ఈ సందర్భం వరకు "ఆనవాలు" అంటే పోలా? హనుమంతుడు తెచ్చింది చూడామణినే గానీ సీతని కాదు, అయినా రాముడికి అర్థమైంది కదా.

— ఆహా, ఇది బావుంది! దీనికి సరిపోయే ఉదంతం కూడా ఉంది. ట్యూరినబాల్ అని తూర్పు జర్మనీ రోజుల స్టెరాయిడ్, కొన్నాళ్ళు ఆపేస్తే దొరకదనుకునేవాళ్ళు. తీరా దాని ఆనవాళ్ళలో చాలా రోజులు నిలిచేవి కొన్ని ఉన్నాయని తర్వాత కనుక్కున్నారు, దాచిన 2008 బీజింగ్, 2012 లండన్ శాంపిళ్ళని మళ్ళీ తీసి చూస్తే పతకాలు తీసుకున్నవాళ్ళు కూడా వరసపెట్టి దొరికారు. "పరీక్షలో విఫలం" అని రాస్తారు చూడండి, అదీ నచ్చదు నాకు, దొరికిపోయాడు అంటే సరిపోదూ? సరే, ఉత్ప్రేరకం బదులు నేనైతే "నిషిద్ధ మందు" అంటా.

— మాస్టారూ, "నిషిద్ధ మందు తీసుకుని పరిగెత్తాడు" అని హెడ్డింగ్ పెడితే తాగి పరిగెత్తాడనుకుంటారు జనం 😀

— అదీ నిజమే. అయితే స్టెరాయిడ్ అనే రాసేద్దాం, అందరికీ తెలిసిన మాటే.